క్రోషే ఆర్డర్ ఎవరికివ్వాలి: అతుకు పనా, ఒంటిచేతి పనా ముందు తేల్చుకోండి

పోయినేడాది మా అక్కకి బాబు పుట్టాడు, డాలస్‌లో. పిన్నిగా నా వంతు ఏదో ఒకటి చేతితో చేసింది పంపాలని ఆన్‌లైన్‌లో బాగా నచ్చిన ఒకమ్మాయికి బేబీ బ్లాంకెట్ ఆర్డర్ ఇచ్చా, చదరాలు చదరాలుగా అల్లి కలిపే రకం, గ్రానీ స్క్వేర్ అంటారు కదా అది. ఫోటోల్లో అమ్మాయి పని నిజంగా బాగుంది, నేనేం తొందరపడి ఇవ్వలేదు. మూడు వారాల్లో పార్సిల్ వచ్చింది, మంచం మీద పరిచి చూస్తే బ్లాంకెట్ ఒక పక్కకి లాగేసినట్టు వంకరగా ఉంది. కొలిచి చూస్తే సగం చదరాలు 15 సెంటీమీటర్లు, సగం 14 కూడా లేవు, పైగా క్రీమ్ కలర్ రెండు రకాల క్రీమ్. మెసేజ్ పెడితే "అక్కా సగం మా ఫ్రెండ్ చేసింది, మీరు అర్జెంట్ అన్నారు కదా" అంది. అబద్ధం చెప్పలేదు పాపం. అర్జెంట్ అన్నది నేనే.

అప్పట్నుంచి ఎవరైనా "క్రోషే చేయించుకోవాలి, ఎవరు బాగా చేస్తారు చెప్పు" అంటే నేను ముందు పేరు చెప్పట్లేదు, ఏం చేయించుకుంటున్నావ్ అని అడుగుతున్నా. ఎందుకంటే క్రోషేలో, అంటే కొక్కెం సూదితో దారం అల్లే పనిలో, వస్తువు ఎలా తయారవుతుందో దాన్ని బట్టే అది ఎవరికివ్వాలో తేలిపోతుంది. కొన్ని ముక్కలు ముక్కలుగా చేసి అతికేవి: టేబుల్ గుడ్డలు, దుప్పట్లు, కర్టెన్లు. కొన్ని ఒకరి చేతిలో మొదలై అదే చేతిలో ముగియాల్సినవి: బొమ్మలు, టాప్‌లు, టోపీలు. మూడోది మన చీరలకే ఉన్న రకం, కొంగు కుచ్చులు, వాటి లెక్కే వేరు. ఈ మూడింటికీ వెళ్ళాల్సిన గుమ్మాలు మూడు, అన్నీ ఒకరికే ఇచ్చేస్తే నాలాగే అవుతుంది.

ముందు ఒక చిన్న విషయం, ఇది తెలిస్తే సగం గొడవ ఉండదు. అసలైన క్రోషే మెషీన్ మీద రాదు. చుడీదార్ షాపుల్లో మీటర్ లెక్కన దొరికే లేసు మెషీన్ అల్లిక, చూడ్డానికి క్రోషేలా ఉంటుంది కానీ కుట్టు వేరు. ఒక్క సూది, ఒక్క దారం, ఒక్కో ముడిలోంచి లాగి ఇంకో ముడి, ఇదంతా చెయ్యాల్సింది మనిషే. కాబట్టి నిజం క్రోషే టాప్ ఎక్కడైనా 400కి వేలాడుతుంటే అది చవక కాదు, ఎక్కడో ఎవరో ఒకావిడ కూలి అందులోంచి తీసేశారని అర్థం.

ఇక అతుకు పని. ఇది ఎక్కడ చేయించాలి అంటే నా ఓటు నర్సాపురానికే, నేను పశ్చిమ గోదావరి దాన్ని కాబట్టి అంటున్నా అనుకోకండి. (కొంచెం ఉంది అనుకోండి.) 1840ల్లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్ళకి లేసు అల్లడం నేర్పారని చెప్తారు, అది నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. మా చిన్నప్పుడు ఏ ఇంటి అరుగు మీద చూసినా వేలికి దారం చుట్టుకుని మాట్లాడుకుంటూనే అల్లేవాళ్ళు, సూది వైపు చూసేవాళ్ళే కాదు. అక్కడ పని పంచుకునే పద్ధతే నేను చెప్పేదానికి మూలం. ఒకరు పూలు మాత్రమే చేస్తారు, అది చేతిపని, ఇంకొకరు ఆ పూలన్నీ తెచ్చుకుని కలుపుతారు, అది అతుకుపని. యాభై ఇళ్ళల్లో చేసిన పూలు ఒక టేబుల్ గుడ్డలో కూర్చుంటాయి.

మరి నా బ్లాంకెట్‌లో ఇద్దరు చేస్తేనే వంకర పోయింది కదా, అక్కడ యాభై మంది చేస్తే ఎలా సరిపోతుంది అని నాకూ డౌట్ వచ్చి మా ఊరి పక్కన అతుకుపని చేసే ఒక అత్తని అడిగా. ఆవిడ నవ్వింది. సన్న కాటన్ దారం, అందరికీ ఒకే నంబరు దారం, ఒకే సూది, ఏళ్ళ తరబడి అదే పువ్వు, అందుకని తేడా పెద్దగా రాదు, వచ్చినా అతికేటప్పుడు చిన్నవి ఒక వరసలో పెద్దవి ఒక వరసలో సర్దుతా అంది, ఆ తర్వాత ఉతికి గంజి పెట్టి లాగి ఇస్త్రీ చేస్తే మిగిలిన తేడా కూడా పోతుంది. ఇదీ అసలు కిటుకు. కాటన్ కాబట్టి లాగితే లొంగుతుంది, ఇస్త్రీకి ఆగుతుంది. నా బ్లాంకెట్ యాక్రిలిక్, అంటే సింథటిక్ దారం, దాని మీద ఇస్త్రీ పెట్టె పెడితే కరిగి అణిగిపోతుంది, కాటన్‌లా లాగి సర్దడం కుదరదు. అంటే ఇద్దరు చేయడం తప్పు కాదు, ఆ దారంతో ఇద్దరు చేయడం తప్పు.

కాబట్టి డైనింగ్ టేబుల్ గుడ్డ, బెడ్‌స్ప్రెడ్, కర్టెన్, పూజ గదికి గుడ్డలు, సోఫా వెనక వేసేవి, ఇలాంటివి పెద్దవి కావాలంటే ఒంటరిగా పనిచేసే ఆర్టిస్ట్‌ని అడగొద్దు. ఆవిడ ఒక్కతే చేస్తే నెలలు పడుతుంది, రేటు మనం ఇవ్వలేం, మధ్యలో విసుగొచ్చి ఇంకొకరికి ఇస్తుంది. నర్సాపురం వైపు అయితే పని చేతులు చాలా ఉన్నాయి. దగ్గరే సీతారాంపురంలో లేస్ పార్క్ ఉంది, 2024లో నర్సాపురం క్రోషే లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది, అంటే ఆ పేరు పెట్టి వేరే చోట చేసినవి అమ్మడానికి లేదు. అడిగేటప్పుడు "నర్సాపురం లేసేనా" అనొద్దు, అందరూ అవుననే అంటారు, "ఏ ఊళ్ళో చేయిస్తారు, అతుకు ఎవరు చేస్తారు" అని అడగండి, తెలిసినవాళ్ళు గడగడా చెప్పేస్తారు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఒక్క పీస్ అంటే చాలామంది వ్యాపారులు పట్టించుకోరు, వాళ్ళకి ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ల అలవాటు, పది పన్నెండు చెప్తేనే ఫోన్ ఎత్తుతారు. ఎక్కువగా తెలుపు, క్రీమ్ రంగులే ఉంటాయి, లావెండర్ కావాలంటే దారం మీరే కొనిస్తే చేస్తారు. కొత్త డిజైన్ అంటే ఒప్పించడం కష్టం, వాళ్ళ పుస్తకంలో ఉన్న వందల డిజైన్లలోంచి ఎంచుకుని సైజు మాత్రం మనకి కావాల్సినట్టు అడగడం తెలివైన పని. ఇంకోటి, మధ్యలో ఏజెంట్ ఉంటాడు. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ ఈ లేసు పనివాళ్ళ గురించి 1982లో ఒక పుస్తకం వేసింది, అందులో ఆవిడ మొత్తుకున్నది ఇదే, రోజంతా అల్లే ఆడవాళ్ళని పనివాళ్ళ కింద లెక్కే వేయట్లేదు, ఇంట్లో ఖాళీగా కూర్చుని తీరిక వేళ చేసుకునే పని అంటున్నారు, ఆ వంకతో కూలి తక్కువ ఇస్తున్నారు అని. ఇప్పటికీ ఎవరి ఇంటికెళ్ళినా ఆ మాట వినబడుతుంది. కుదిరితే నేరుగా ఆడవాళ్ళ సంఘం ద్వారానో, తెలిసినవాళ్ళ ద్వారా అతుకు చేసే ఆవిడకో ఇవ్వండి. నేను ఇప్పుడు అదే చేస్తున్నా, ఏజెంట్ చెప్పిన రేటుకే ఇచ్చా, కాకపోతే డబ్బులు నేరుగా అత్తకి.

రెండోది ఒంటిచేతి పని. బొమ్మలు, టాప్‌లు, బేబీ టోపీలు, బ్యాగులు. ఇవి ఇన్‌స్టాలో కనబడే ఆర్టిస్టులకే ఇవ్వాలి, నర్సాపురం వైపు ఇవి అడిగితే వస్తాయి కానీ వాళ్ళ చేయి సన్న లేసుకి అలవాటైన చేయి, మూడు నాలుగు మిల్లీమీటర్ల సూదితో గుండ్రంగా బొమ్మ అల్లడం వేరే విద్య. జపాన్ నుంచి వచ్చిన అమిగురుమి పద్ధతి అది, గుండ్రంగా తిప్పుకుంటూ కుట్లు పెంచుతూ తగ్గిస్తూ తల, పొట్ట, చేతులు తీసుకొస్తారు. అందులో అసలు పరీక్ష చేతి బిగువు. కుట్టు వదులైతే లోపల నింపిన దూది, రిక్రాన్ పీచు బయటికి కనబడుతుంది, రెండు ఉతుకుల తర్వాత పీలికలు పీలికలుగా వచ్చేస్తుంది. ఆర్టిస్ట్ ఫోటోలు పెట్టినప్పుడు మొహం చూసి మురిసిపోకుండా పొట్ట భాగం జూమ్ చేసి కుట్ల మధ్య తెల్లగా కనబడుతోందా చూడండి.

పసిపిల్లలకి అయితే కళ్ళు. ప్లాస్టిక్ కళ్ళు పెడతారు, వాటి పేరే సేఫ్టీ ఐస్, పేరు చూసి మోసపోవద్దు, మూడేళ్ళ లోపు పిల్లలకి అవి వద్దు. ఊడితే నేరుగా నోట్లోకే. దారంతో కుట్టిన కళ్ళు అడగండి, అందం ఒక పిసరు తగ్గుతుంది అంతే.

టాప్‌లు, క్రాప్ టాప్‌లు, బ్లౌజులు, ఇక్కడ మాత్రం చాలామంది డబ్బులు పోగొట్టుకుంటున్నారు అందుకే కొంచెం ఎక్కువ రాస్తా. టైలర్‌కి ఇచ్చినట్టు ఛాతీ ఇంత నడుము ఇంత అని ఒంటి కొలతలు పంపితే సరిపోదు. క్రోషే సాగుతుంది, అందులోనూ కాటన్‌తో చేసింది దాని బరువుకి అదే కిందికి దిగుతుంది, మొదటి రోజు నడుము మీదున్న టాప్ నెలకి తుంటి దగ్గరికి వస్తుంది. మీకు సరిగ్గా పట్టే టాప్ ఒకటి నేల మీద పరిచి అడ్డం నిలువు కొలిచి ఆ కొలతలు పంపండి, ఒంటికి వదులు ఉండాలా అంటుకోవాలా కూడా చెప్పండి. ఆర్టిస్ట్ మంచిదైతే ముందు ఆ దారంతో పది సెంటీమీటర్ల చదరం ఒకటి అల్లి, ఉతికి, ఆరాక ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కేసి మొదలుపెడుతుంది. "శాంపిల్ చదరం చేసి ఉతికారా" అని అడగండి. "అవసరం లేదండి నాకు అలవాటే" అంటే బొమ్మ ఆర్డర్ ఇవ్వండి, టాప్ ఆర్డర్ ఇవ్వకండి. లైనింగ్ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి, ఆర్టిస్టులు చాలామంది లైనింగ్ కుట్టరు, వచ్చాక టైలర్ దగ్గరికి పరిగెత్తాలి, ఆ టైలర్ దాన్ని చూసి "ఇదేంటమ్మా వల" అంటాడు.

ఇక కుచ్చులు. దీనికి ఆన్‌లైన్ అసలు వద్దు, మీ వీధిలో, మీ అపార్ట్‌మెంట్‌లో చేసే ఆంటీకే ఇవ్వండి, కారణం సింపుల్, చీర మీ దగ్గర్నుంచి దూరం వెళ్ళకూడదు. 15 వేల పట్టుచీర కొరియర్‌లో పంపి రెండు వారాలు నిద్ర పోకుండా ఉండటం ఎందుకు. పైగా రంగు ఫోన్‌లో చూసి కలపడం అయ్యే పని కాదు, కొంగు పక్కన దారం పెట్టి పగటి వెలుతురులో చూడాల్సిందే.

కుచ్చుల్లో రెండు దార్లున్నాయి. పట్టుచీరకి కొంగు చివర వదిలేసిన దారాలతోనే ముడులు వేసేది పాత పద్ధతి, తేలిక, చీరతో పాటే ఉంటుంది, ఉప్పాడ లాంటి పల్చటి చీరలకి నా లెక్కలో ఇదే మంచిది. రెండోది బయటి సిల్క్ దారంతో, పూసలు వేసి సూదితో అల్లే క్రోషే కుచ్చు. గ్రాండ్‌గా ఉంటుంది, ఫంక్షన్లో అందరూ కొంగు పట్టుకుని చూస్తారు, కానీ బరువు. పల్చటి చీరకి బరువు కుచ్చు పెడితే కొంగు వెనక్కి లాగుతూనే ఉంటుంది, పిన్ను దగ్గర చీర చిరుగుతుంది కూడా. కంచి పట్టు అయితే మోస్తుంది. సూది నేరుగా చీర అంచులోకి దిగుతుంది కాబట్టి అంచు ముందు మడత కుట్టారా అని చూడండి, లేకపోతే నాలుగు కట్లకి పోగులు లేస్తాయి. బిగించి అల్లితే కొంగు చివర ముడుచుకుపోతుంది, వదులుగా అల్లితే అలలు అలలుగా అవుతుంది, అందుకే ఆంటీ ముందు చేసిన చీర ఒకటి టేబుల్ మీద పరిపించి చూడండి, చేత్తో పట్టుకుని చూపిస్తే తెలీదు. ఎర్ర దారం, మెరూన్ దారం అయితే తడిపి తెల్ల కర్చీఫ్ మీద రుద్దండి. రంగు దిగితే ఆ దారం వద్దు. మా వదిన గృహప్రవేశం చీర అలాగే పోయింది, క్రీమ్ పట్టు మీద మెరూన్ కుచ్చు, వాన చుక్కలు నాలుగు పడ్డాయంతే.

ఇప్పుడు దారం గురించి, ఎవరికిచ్చినా ఇది మీరే నిర్ణయించాలి, ఆర్టిస్ట్‌కి వదిలేస్తే తన దగ్గర మిగిలింది వాడుతుంది, తప్పు పట్టలేం. వేసుకునేవాటికి కాటన్, మన ఎండలకి యాక్రిలిక్ టాప్ వేసుకుంటే మే నెలలో ప్రెషర్ కుక్కర్‌లో కూర్చున్నట్టే. దుప్పటి, మఫ్లర్, బయటి దేశాల చలికి వెళ్ళేవి అయితే యాక్రిలిక్ బాగుంటుంది, తేలిక, వాషింగ్ మెషీన్‌కి ఆగుతుంది, రంగులు బోలెడు. మిల్క్ కాటన్ అని అందరూ వాడతారు, పేరులో కాటన్ ఉన్నా చాలావాటిలో యాక్రిలిక్ కలిపే ఉంటుంది, బొమ్మలకి అది హాయిగా సరిపోతుంది కానీ కాటన్ రేటు తీసుకుంటే అడగండి. మెత్తగా వెల్వెట్‌లా ఉండే షెనీల్ దారం బొమ్మలు పిల్లలకి ప్రాణం, కాకపోతే తెగిన చోట నూగు రాలుతుంది, తప్పు పోతే విప్పి మళ్ళీ అల్లడం దాదాపు కుదరదు, అందుకే కొత్తగా నేర్చుకున్నవాళ్ళ దగ్గర షెనీల్ చేయించకండి. అనుమానం ఉంటే బెత్తెడు దారం పంపమని అడిగి సింక్ దగ్గర అగ్గిపుల్ల పెట్టండి, కాటన్ కాయితం కాలిన వాసనొచ్చి బూడిదవుతుంది, యాక్రిలిక్ కరిగి గట్టి గుండులా అవుతుంది. ఇంకా దారం ఉండ మీద రంగు నంబరు పక్కన లాట్ నంబర్, అంటే ఏ విడతలో రంగు వేశారో, ఉంటుంది, పెద్ద వస్తువుకి ఉండలన్నీ ఒకే లాట్‌వి ఉండాలి, లేకపోతే నా రెండు క్రీముల కథే. అమ్మాయికి నేను ఆ మాట ముందే చెప్పుంటే తను అన్నీ ఒకేసారి కొనేది.

రేటు ఎక్కువా తక్కువా ఎలా తెలుస్తుంది అని అందరూ అడుగుతారు. నేను వేసుకునే లెక్క చెప్తా, నా బ్లాంకెట్‌నే తీసుకోండి. 90 సెంటీమీటర్ల చదరపు దుప్పటికి 15 సెంటీమీటర్ల చదరాలు 36. ఒక్కోటి 25 నిమిషాలు అనుకుంటే 15 గంటలు. కొసలు లోపలికి దోపడం, అతకడం ఒక 5 గంటలు, చుట్టూ బోర్డర్ 2 గంటలు, మొత్తం 22. దారం అర కిలో, నేను కొన్నప్పుడు 100 గ్రాముల ఉండ 110 పడింది, అంటే 550. గంటకి 100 చొప్పున ఇస్తే 2200, దారంతో కలిపి 2750. ఎవరైనా 1200కి చేస్తానన్నారనుకోండి, దారం తీసేస్తే గంటకి 30 రూపాయలు కూడా పడట్లేదు, అలాంటప్పుడు రెండే దార్లు, ఒకటి తొందరగా ముగించడానికి కుట్లు పెద్దవి చేస్తుంది, లేదా ఇంకొకరికి ఇస్తుంది. నేను ఇచ్చింది 1400, ఇప్పుడు తలుచుకుంటే బేరం ఆడినందుకు సిగ్గేస్తుంది. అలాగని రేటు ఎక్కువుంటే పని మంచిదని కాదు, 6000 చెప్పినావిడ వెనక వైపు ఫోటో అడిగితే పంపలేదు, దారం కొసలు అన్నీ ముడేసి కత్తిరించేసిందని తర్వాత వేరేవాళ్ళ దగ్గర తెలిసింది. ముడేసి కత్తిరిస్తే ఉతికినప్పుడు ఊడుతుంది, కొసలు కుట్లలోకి వెనక్కీ ముందుకీ దోపాలి. ఎప్పుడూ వెనక వైపు ఫోటో అడగండి, ముందు వైపు అందరికీ బాగానే ఉంటుంది.

పూల బొకేల గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి ఒక్క ముక్క. వాటికి కస్టమ్ ఏమీ అక్కర్లేదండి, గులాబీ గులాబీనే, ట్యులిప్ ట్యులిప్పే, ఎవరి దగ్గరైనా రెడీగా ఉన్నవి కొనుక్కుని రంగులు ఎంచుకోండి, డబ్బూ టైమూ రెండూ మిగుల్తాయి.

పంపే ఫోటోల దగ్గర ఈ మధ్య కొత్త తలనొప్పి మొదలైంది. ఆన్‌లైన్‌లో తిరిగే అందమైన క్రోషే ఫోటోల్లో ఏఐ చేసినవి చాలా ఉన్నాయి, వెంట్రుక మందాన కుట్లు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియని రేకులు, అవి సూదితో ఎవరూ చేయలేరు. అలాంటి ఫోటో పంపి "సేమ్ ఇలాగే" అంటే తెలిసినావిడ కాదంటుంది, తెలియనావిడ సరే అంటుంది, తర్వాత గొడవ. ఫోటో బదులు ఆ ఆర్టిస్ట్ ఇదివరకు చేసిన రెండు మూడు చూపించి "దీని ఆకారం, దాని రంగులు" అని చెప్పండి, పని తేలికవుతుంది. వేరేవాళ్ళ డిజైన్ ప్యాటర్న్ (ఎలా అల్లాలో కుట్టు కుట్టూ రాసింది) కొని చేస్తుంటే, దాంతో చేసిన వస్తువు అమ్ముకోవడానికి ఆ డిజైనర్ ఒప్పుకున్నారా అనేది కూడా అడగొచ్చు, కొందరు ఒప్పుకుంటారు కొందరు ఒప్పుకోరు.

అడ్వాన్స్ సగం, మిగతాది పూర్తయిన ఫోటోలు చూశాక, ఇది నాకు సరిపడిన పద్ధతి. మొత్తం ముందే అడిగితే చిన్న వస్తువుకి సరే, టాప్‌కి వద్దు. అసలు అడ్వాన్సే ఇవ్వను చేశాక చూస్తా అనడం కూడా న్యాయం కాదు, మీ పేరు రాసిన బొమ్మని ఇంకెవరికి అమ్ముతుంది. టైమ్ మాత్రం మీరనుకున్నదానికి రెట్టింపు పెట్టుకోండి, మాఘం, శ్రావణం పెళ్ళిళ్ళ ముందు కుచ్చుల ఆంటీలు దొరకరు, ఒకరోజులో ఎక్కువ అల్లితే మణికట్టు పట్టేస్తుంది, వాళ్ళని తొందరపెడితే నష్టం మనకే.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఇక్కడ చేయించుకుని పంపమంటే ఇదివరకు ఈజీగా ఉండేది, 800 డాలర్ల లోపు పార్సిల్‌కి సుంకం ఉండేది కాదు, 2025 ఆగస్టు చివర్లో ఆ మినహాయింపు ఎత్తేశారు. ఇప్పుడు 3000 బ్లాంకెట్‌కి కొరియర్, సుంకం కలిపితే అక్కడే ఎవరైనా చేసేవాళ్ళని చూసుకోవడం మేలనిపిస్తుంది. లేదా మన పద్ధతి, ఊరి నుంచి వెళ్ళే అమ్మానాన్నల సూట్‌కేసులో ఆవకాయ సీసాల చుట్టూ చుట్టి పంపడం, బరువుండదు, సీసాలు కూడా పగలవు. అక్కడివాళ్ళకే ఆర్డర్ ఇస్తే ఒక చిక్కుంది, అమెరికా వాళ్ళు డబుల్ క్రోషే అనే కుట్టుని బ్రిటన్ పద్ధతిలో ట్రెబుల్ అంటారు, మీరు ప్యాటర్న్ కొని పంపిస్తుంటే అది ఏ పద్ధతిలో రాసిందో చూసి చెప్పండి, లేకపోతే బేబీ స్వెటర్ తాతగారి సైజులో రావచ్చు.

ఇప్పుడు బాబు మొదటి పుట్టినరోజు దగ్గర పడింది, ఈసారి బొమ్మ అనుకున్నా, ఏనుగు. ముగ్గురు ఆర్టిస్టులకి ఒకటే మెసేజ్ పెట్టా: "ఏనుగు బొమ్మ, జానెడు ఎత్తు, బూడిద రంగు, చెవుల లోపల గులాబీ, కాటన్ దారం, మీరు ఒక్కరే చేయాలి, రెండు నెలల టైమ్ ఉంది, వెనక వైపు దగ్గర్నుంచి తీసిన ఫోటో ఒకటి పంపగలరా." ఒకరు రేటు మాత్రం పంపారు. ఇంకొకరు "చేసేద్దాం అక్కా" అని పది ఎమోజీలు. మూడో ఆవిడ రేటు చెప్పలేదు, "పిల్లాడికి ఎన్ని నెలలండి? నోట్లో పెట్టుకునే వయసైతే కళ్ళు కుడతాను, తొండం విడిగా అతకకుండా తలతో కలిపే అల్లుతాను" అని రాసింది. ఆవిడకే ఇచ్చా.